సిరాకొమ్ము మాటలు
ఆంగ్లభాష అలంకారములను, కఠినపదములను నేర్చిన చరిత్ర



మా వీథిలో నొక ముదుసలి రైతు గలరు. వారి మనుమడు విదేశములకేగి చదువవలయునను కోరికతో ప్రతిదినము సాయంకాలము అరుగుమీద కూర్చుండి, కఠినములైన ఆంగ్లపదములను పట్టికగా వ్రాసికొని వల్లించుచుండును. ఒకనాడా పెద్దమనిషి నన్ను పిలిచి, "పంతులుగారూ, మా చిన్నతనమున మీ నాయనగారు మాచేత అమరము వల్లె వేయించిరి. వీడును అట్లే వల్లించుచున్నాడు గదా. ఈ మాటలన్నియు నోటికి వచ్చినచో వీనికి ఆంగ్లము వచ్చినట్లేనా?" అని యడిగిరి.

అవుననుటకు గాని, కాదనుటకు గాని నాకు వెంటనే నోరాడలేదు. ఏలయన, బడిలో నున్న కాలమున నేనును అట్టి పట్టికలనే పిల్లలచేత వల్లింపజేసినవాడను. ఒకసారి రూపకాలంకార లక్షణమును ఒక బాలుడు తప్పులేక అప్పజెప్పెను. "మీ ఇంటిలో నెవరైన రూపకము వాడగా వింటివా?" అని యడుగగా వాడు తెల్లబోయి, "మా ఇంటిలో అలంకారములు లేవండీ" అనెను. పిదప మాటలలో తెలిసినదేమన, వాని తల్లి ప్రతిదినము తెల్లవారుజామున వానిని "లేవరా, కుంభకర్ణుడా" అని లేపునట. ఆ తల్లి నోట రోజునకొక రూపకము వెలువడుచుండగా, కుమారుడు మాత్రము అలంకారములు పుస్తకములలో నుండునని తలంచెను. తప్పు వానిది కాదు, నేర్పిన నాది.

కావున ఆ పెద్దమనిషి ప్రశ్నకు నేను చరిత్రలో సమాధానము వెదకితిని. నేడు మన పిల్లలు ఏ భాష పదములకై ఇంత శ్రమపడుచున్నారో, ఆ భాషవారే ఒకనాడు తమ భాష దరిద్రమైనదని విచారించి, పరభాషా పదములను అరువు తెచ్చుకొని, వానిని తమ పిల్లలకెట్లు నేర్పవలయునని తలలు బద్దలు కొట్టుకొనిరి. ఆ కథనే మీకు విన్నవింతును.

పదునాఱవ శతాబ్దారంభమున ఇంగ్లండు పాఠశాలలలో ఆంగ్లము పాఠ్యవిషయము కాదు. బాలురు నేర్చునది లాటిను భాష. లండను నగరమున జాన్ కోలెట్ అను మతాచార్యుడు సెయింట్ పాల్స్ అను పాఠశాలను స్థాపించెను. దానికొఱకై ఆయన మిత్రుడును, హాలండుదేశపు మహాపండితుడును అగు ఎరాస్మస్ 1512వ సంవత్సరమున 'కోపియా' అనుపేర ప్రసిద్ధమైన గ్రంథమును ప్రకటించెను. కోపియా అనగా సమృద్ధి. ఒకే భావమును అనేక విధముల చెప్పగల వాక్సమృద్ధిని బాలునికి కలిగించుట దాని యుద్దేశము. నీ ఉత్తరము నాకెంతయో ఆనందము కలిగించినదను ఒక్క చిన్న భావమును తీసికొని, నూటికి పైగా రీతులలో మార్చి మార్చి చెప్పి చూపెను. ఒకచోట పదము మార్చును, ఒకచోట ఉపమానము చేర్చును, మఱొకచోట విధిని నిషేధముగా త్రిప్పును. ఇచ్చట అలంకారము పేరు వల్లించుటకు గాక, చేతితో పట్టుకొని వాడుటకు పనిముట్టయినది.

ఈ అలంకారముల పేళ్లు గ్రీకువారివి. మెటఫర్ అను మాటకు ఒకచోటనుండి మఱియొకచోటికి మోసికొనిపోవుట అని మూలార్థము. ఒక వస్తువు పేరును వేఱొక వస్తువునకు మోయుటయే గదా మన రూపకమును. హైపర్బొలీ అనగా హద్దు దాటించి విసరుట. మన అతిశయోక్తి అను మాట దాదాపు అదే చెప్పుచున్నది. అయితే అన్నియు నిట్లు జంటలుగా కుదురునని భ్రమపడరాదు. కిరీటమని రాజును చెప్పుటను వారు మెటానిమీ అను అలంకారముగా నెంచిరి. మన శాస్త్రకారులు గంగలో పల్లె యున్నదని చెప్పినప్పుడు గంగయొడ్డున నున్నదని తెలిసికొనుటను అలంకారముగా గాక, లక్షణ యను శబ్దశక్తిగా విచారించిరి. పేరునకు పేరు అంటగట్టి ఊరకున్నచో ఈ భేదము మఱుగుపడును.

పండితులు గ్రీకు లాటిను గ్రంథములను ఆంగ్లములోనికి తెచ్చుటకు పూనుకొనగా అసలు చిక్కు వచ్చినది. సూక్ష్మభావములకు ఆంగ్లమున మాటలు చాలవయ్యెను. కొందఱు లాటిను పదములను తెచ్చి, చివర కొంచెము చెక్కి, ఆంగ్లములో గ్రుమ్మరించిరి. ఆ కాలమున సిరాను కొమ్ములో పోసి ఉంచెడివారు. ఎగతాళిచేయుచు, అట్టి పదములకు 'సిరాకొమ్ము మాటలు' అని పేరు పెట్టిరి.

1553వ సంవత్సరమున తామస్ విల్సన్ అను విద్వాంసుడు వాగ్మితాశాస్త్రమును ఆంగ్లభాషలో వ్రాసెను. అందు ఒక హాస్యలేఖ గలదు. ఉద్యోగము కోరి ఒకడు వ్రాసినట్లుగా, వాక్యమంతయు లాటిను పదములతో కిటకిటలాడునట్లు విల్సన్ దానిని కల్పించెను. తల్లి పలికిన భాషను మఱచినవారని అట్టివారిని వెక్కిరించుట ఆయన యుద్దేశము. అయితే కాలముయొక్క చమత్కారమును చూడుడు. ఆ లేఖలో ఆయన నవ్వుటకై ఉంచిన సెలబ్రేట్, కెపాసిటీ, డెక్స్‌టెరిటీ మున్నగు పదములు నేడు ఆంగ్లమున నిత్యవ్యవహారములో నున్నవి. వానితోడనే యున్న ఆబ్‌టెస్టేట్, ఇన్‌జెంట్ అనునవి వాడుకలేక నశించినవి. ఏది నిలుచును, ఏది పోవును అని నిర్ణయించినది పండితుడును కాదు, పరిహాసకుడును కాదు, వాడినవారి అవసరము.

అప్పులే వలదనువారును గలరు. వారిలో సర్ జాన్ చీక్ ముఖ్యుడు. ఈయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గ్రీకుభాషాచార్యుడు, ఎడ్వర్డ్ రాజునకు గురువు. గ్రీకు కరతలామలకమైన ఈ పండితుడే, అప్పుచేసి తీర్చలేని భాష కడకు దివాలా తీయునని హెచ్చరించుచు, మత్తయి సువార్తను అచ్చమైన ఆంగ్లపదములతో అనువదింపబూనెను. అనగా దేశ్యపదములతోడనే నడుపయత్నించెను. నూర్గురు భటులపై అధికారిని సెంచూరియన్ అనక 'హండ్రెడర్' అనెను. 1573లో రాల్ఫ్ లీవర్ అనునతడు తర్కశాస్త్రమును వ్రాయుచు, తర్కమునకు 'విట్‌క్రాఫ్ట్' అనియు, నిర్వచనమునకు 'సేవాట్' అనియు, నిగమనమునకు 'ఎండ్‌సే' అనియు దేశీయములైన పేళ్లను కల్పించెను. అందములైన మాటలే గాని, వాడినవారు లేరు.

ఈ కలహమును వినునప్పుడు మనకొక సంగతి జ్ఞప్తికి రావలయును. అదే పదునాఱవ శతాబ్దమున, గోలకొండ రాజ్యమున, పొన్నికంటి తెలగన కవి సంస్కృతపదముల సాయము లేక అచ్చతెనుగున యయాతిచరిత్రమును రచించి, అమీనుఖానునకు అంకితమిచ్చెను. చీక్ పండితుడు తెలగనను ఎఱుగడు, తెలగన చీకును ఎఱుగడు. సముద్రములు అడ్డముగా నున్నను, రెండు భాషల బిడ్డలకు ఒకే బెంగ కలిగినది. పెద్దభాష ఒడిలో పెరుగు ప్రతి భాషకును ఈ బెంగ సహజము. మన తెలుగు తత్సమములను వదలలేదు, దేశ్యములను చంపుకొనలేదు. ఆంగ్లమును అదే త్రోవ త్రొక్కినది.

మధ్యేమార్గమును చూపినవాడు రిచర్డ్ మల్కాస్టర్ అను బడిపంతులు. లండనులో మర్చెంట్ టేలర్స్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. 1582లో 'ఎలిమెంటరీ' అను గ్రంథమును ప్రకటించి, లాటినును గౌరవించుచునే, తన భాషయందు తనకు గల భక్తిని నిర్భయముగా చాటెను. ఆంగ్లమున నేది చెప్పలేమని ప్రశ్నించెను. వచ్చిన పరభాషాపదము తన యింటి కట్టుబాట్లకు లోబడవలయుననెను. సుమారు ఎనిమిదివేల మాటలను పట్టికగా కూర్చి, ఎవరైన పూని ఆంగ్లపదములన్నిటికి అర్థముతోకూడిన నిఘంటువును చేయవలయునని కోరెను. మహాకవి ఎడ్మండ్ స్పెన్సర్ ఈయన బడిలో చదివినవాడే. కవికి వెనుక నొక పంతులుండుట నావంటివారికి కొంచెము ఊరట.

ఇక అలంకారములను ఆంగ్లమున చెప్పిన గ్రంథములు. 1550లో రిచర్డ్ షెర్రీ అను ఉపాధ్యాయుడు మొదటివాడు. తన గ్రంథనామమే ఆంగ్లేయుల చెవులకు వింతగా తోచునని ఆయనయే పీఠికలో చెప్పుకొనెను. 1577లో హెన్రీ పీచం 'వాగ్మితోద్యానము' అనదగిన పేరుతో అలంకారములను కూర్చెను. 1589లో ప్రకటింపబడిన, జార్జ్ పటెన్‌హాం రచించినదని చెప్పబడు ఆంగ్లకావ్యశాస్త్రము అన్నిటికంటె సరసమైనది. ఆయన గ్రీకుపేళ్లను విడువక, ప్రక్కనే ఇంటిమాటలతో ముద్దుపేళ్లు పెట్టెను. పైకొక మాట, లోనొక భావమగు ఐరనీకి 'పొడి వెక్కిరింత' అను భావముగల పేరు పెట్టెను. హైపర్బొలీకి 'మీఱి చాచువాడు' అనియు, 'బిగ్గరగా బొంకువాడు' అనియు రెండు బిరుదులిచ్చెను. ఒక్కొక్క అలంకారమును ఒక్కొక్క మనుష్యునివలె నిలిపి చూపుటచే అది చదువరి మనస్సున నాటుకొనును. నేను బాలునికి నేర్పవలసిన రీతి ఇది. నేర్పని రీతియు నిదియే.

ఇక్కడను మనకొక పోలిక గలదు. జయదేవుని చంద్రాలోకమునందలి అలంకారలక్షణములను ఆధారముగా గొని, ఒకే శ్లోకమున లక్షణమును లక్ష్యమును ఇముడునట్లుగా, బాలురకు సులభముగా తెలియుటకై అప్పయ్యదీక్షితులు కువలయానందమును రచించెను. వేంకటపతి ఆజ్ఞచే రచించితినని గ్రంథాంతమున చెప్పుకొనెను. ఆయన పెనుగొండ ప్రభువగు వేంకటపతిరాయలని పండితులనేకులు తలంతురు. తెలుగున భట్టుమూర్తి కావ్యాలంకారసంగ్రహమును రచించినదియు ఆ శతాబ్దముననే. లండనున పటెన్‌హామును, దక్షిణదేశమున దీక్షితులును, నూటికి పైబడిన అలంకారములను సులభముగా చెప్పుటకు ఒకే శతాబ్దమున పూనుకొనిరి.

విద్య వ్యాపించినకొలది విద్యాడంబరమును వ్యాపించినది. షేక్స్పియరు తన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' అను నాటకమున హోలోఫెర్నిస్ అను బడిపంతులును ప్రవేశపెట్టి, ఒక మాట చాలుచోట నాలుగు పర్యాయపదములు గ్రుమ్మరించు వాని అలవాటును నవ్వులపాలు చేసెను. ఆ నాటకముననే ఒక విదూషకప్రాయుడు ఇరువదియేడు అక్షరముల లాటిను మాట నొకదానిని పలుకును. ఆ పంతులును చదివినప్పుడెల్ల నాకు నవ్వును వచ్చును, ఒకింత సిగ్గును కలుగును.

ఈ పదసముద్రమున సామాన్యుడు మునిగిపోవుచుండగా చేయూత నిచ్చినవారు మరల పంతుళ్లే. 1596లో ఎడ్మండ్ కూట్ అను ఉపాధ్యాయుడు తన వాచకము చివర కఠినపదముల పట్టిక చేర్చెను. దానినుండి చాలవఱకు గ్రహించి, 1604లో రాబర్ట్ కాడ్రీ ఆంగ్లపదములకు ఆంగ్లముననే అర్థము చెప్పు మొదటి అకారాదినిఘంటువును ప్రకటించెను. ఆయన పూర్వము బడిపంతులు. పిదప మతాచార్యుడై, అధికారులతో సరిపడక ఉద్యోగము పోగొట్టుకొనినవాడు. కుమారుడగు తామస్, వాడును పంతులే, తండ్రికి తోడ్పడెను. అందు సుమారు 2,500 పదములు మాత్రమే గలవు. లాటిను చదువు అందని స్త్రీలకును, సామాన్యులకును ఉద్దేశించితినని ఆయన మొగపుటమీదనే తెలిపెను. అక్షరక్రమమున మాటను వెదకుటయే నాటివారికి క్రొత్తయగుటచే, ఏ అక్షరముతో మొదలగు మాట గ్రంథమున ఎచ్చట దొరకునో పీఠికలో ఓపికగా వివరించెను. ఆ మొదటి ముద్రణమున నేడు ప్రపంచమున మిగిలియున్నది ఒక్క ప్రతి. అది ఆక్స్ఫర్డ్ నగరమున బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

కాడ్రీ కోరినది అర్థము తెలియుట. తరువాతివారిలో కొందఱు కోరినది డాబు. 1623లో హెన్రీ కాకరం ప్రకటించిన నిఘంటువున ఒక భాగము తలక్రిందుగా నుండును. తెలిసిన తేలికమాటను చూచినచో దానికి బదులుగా వాడదగిన బరువైన మాట అందు దొరకును. తెలియనిది తెలిసికొనుటకు నిఘంటువు పుట్టినది. తెలిసినదానిని తెలియకుండ చేయుటకును ఒక నిఘంటువు పుట్టినది!

దీనికి విరుగుడును త్వరలోనే వచ్చెను. 1660లో లండనున ప్రకృతిశాస్త్రజ్ఞులు రాయల్ సొసైటీని స్థాపించిరి. 1667లో దాని చరిత్రను వ్రాసిన తామస్ స్ప్రాట్, సభ్యులు అలంకారముల పొగమంచును వదలి, పండితుల భాషకంటె పనివారి భాషను, పల్లెవారి భాషను, వర్తకుల భాషను మేలుగా నెంచవలయునని చెప్పెను. అలంకారములను నిందించుటకు ఆయనకును పొగమంచు అను రూపకమే కావలసివచ్చినది! కావున అలంకారము వదలదగినది కాదు. తగినచోట తగినంత వాడదగినది. 1755లో నలువదివేలకు పైగా పదములతో మహానిఘంటువును వెలువరించిన సామ్యుల్ జాన్సన్ సైతము, వలవంటి అల్లికను తెలుపు నెట్‌వర్క్ అను మాటను వివరించుచు వలకంటె చిక్కైన పదములను వాడి, నేటివఱకు నవ్వులకు గుఱియగుచున్నాడు.

ఇట్లు అప్పులుచేసిన ఆంగ్లము మనయొద్దను కొంత చేబదులు తీసికొన్నది. బాండికూట్ అని వారి నిఘంటువులలో నున్న మాట మన పందికొక్కే. పొలమున ధాన్యము తిన్న జంతువు ఆంగ్లనిఘంటువున గౌరవముగా కూర్చున్నది. ఆ మనుమని పట్టికలో ఆ మాట కనబడినచో, తాతగారే వానికి పాఠము చెప్పగలరు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వత్తును. వల్లెవేయుట తప్పు కాదు. మనమును వల్లించితిమి. అయితే అమరమున మాట ఒంటరిగా ఉండదు. స్వర్గవర్గము, భూమివర్గము అని బంధువులతోకూడ నుండును. దాని లింగమెఱిగి, ఛందస్సున నడచును. అంతకంటె ముఖ్యమైనది, అమరముతో చదువు ముగియలేదు. వెంటనే రఘువంశము పట్టితిమి. వల్లించిన మాట కాళిదాసు చేతిలో పని చేయుచుండగా కన్నులార చూచితిమి. ఎరాస్మస్ శిష్యులును అట్లే, నేర్చిన అలంకారమును నాడే తమ వాక్యమున వాడి చూచిరి. వల్లించిన మాటకు కావ్యము లేనిచో అది కొట్టులో పురుగుపట్టు విత్తనము. చేనికి పోదు, కూటికి రాదు.

విదేశవిద్యకై మన పిల్లలు వ్రాయు జీ.ఆర్.ఈ. అను పరీక్షలో పూర్వము ఒక్క మాటనిచ్చి దానికి వ్యతిరేకపదమును అడిగెడివారు. 2011వ సంవత్సరమున ఆ రీతి ప్రశ్నలను తొలగించి, వాక్యమున మాటకు గల పనినే పరీక్షించుటకు మార్చిరి. పరీక్షకులే గ్రహించిన ఈ విషయమును మనము గ్రహింపవలదా?

కావున వృద్ధులారా, మీకు ఆంగ్లము రాకపోయినను మీ మనుమలకు మీరు గురువులు కాగలరు. సాయంకాలము వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "నేడు నేర్చిన మాటలలో మూడింటిని చెప్పుము" అని యడుగుడు. ఆ మాటకు మన భాషలో నేమందురో అడుగుడు. అది ఎచ్చటనుండి వచ్చినదో అడుగుడు. దానితో నొక వాక్యము చెప్పి, అర్థమును మీకు తెలుగున వివరింపుమనుడు. వాడు వివరింపలేనిచో ఆ మాట వానికింకను రాలేదని ఇద్దఱకును తెలియును. అలంకారము పేరు చెప్పినచో, దానికి మన ఊరిమాటలలో ఉదాహరణము చూపుమనుడు. చూపలేనిచో మీరు చూపుడు. మీ నోట సామెతలున్నవి, పొడుపుకథలున్నవి; వానిలో లేని అలంకారము అరుదు.

ఆ రాత్రి నేనా రైతుగారి అరుగుమీద కూర్చుండి ఈ రీతినే ప్రయత్నించితిని. మనుమడు పట్టికనుండి హైపర్బొలీ అను మాటను చదివి, లక్షణమును గడగడ అప్పజెప్పెను. ఉదాహరణమడుగగా ఊరకుండెను. అంతట తాతగారు చుట్ట ప్రక్కన పెట్టి, "నిరుడు కురిసిన వానకు మన చెరువు ఆకాశమును ముద్దుపెట్టుకొన్నదిరా" అనిరి. మనుమడు పకపక నవ్వెను. ఆ మాట వానికి వచ్చినది.